చూపులేని విద్యార్థికి నోట్సు టైప్ చేయాలంటే...

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మాది చిన్న డీటీపీ షాపు. డిగ్రీ చదివే ఒక చూపులేని అబ్బాయికి చరిత్ర నోట్సు టైప్ చేసి వర్డ్ ఫైల్ ఇచ్చాను. కంప్యూటర్ చదువుతుంటే ఒక్క ముక్క కూడా అర్థం కావడం లేదంటున్నాడు. స్క్రీన్ మీద చూస్తే అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: లోపం మీ టైపింగులో లేదమ్మా, ఫాంటులో ఉంది. డీటీపీ షాపు అన్నారు కాబట్టి అనూ ఫాంట్లలో కొట్టి ఉంటారు. ఆ పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌కే తెలుగు రూపం తొడిగారు. మీ కంటికి ‘చంద్రగిరి’ అని కనిపిస్తుంది. తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు రూపంతో పని లేదు, కోడ్‌నే చదువుతుంది. అందుకే ఏవేవో గుర్తులు వల్లిస్తుంది. నాకూ చూపు లేదు, రోజూ ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోనే పని. ఇలాంటి ఫైల్ వస్తే రెండో లైనుకే మూసేస్తాను.

తెలుగు అక్షరాలకు సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లో టైప్ చేయండి. నిర్మలా యూఐ ఫాంట్ విండోస్‌తోనే వస్తుంది. పాత ఫైళ్లను కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు గానీ, తర్వాత ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి.

ఆ తర్వాత హెడ్డింగులు. అక్షరం లావు చేసి, సైజు పెంచి, మధ్యకు జరిపితే హెడ్డింగ్ అయిపోయిందనుకుంటారు. వినేవాడికి అది మామూలు లైనే. స్టైల్స్‌లో హెడ్డింగ్ 1 ఇవ్వండి, లేదా కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కండి. అప్పుడా అబ్బాయి ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో, అంటే ఒక్కో కీతో ఫైల్లో తిరిగే పద్ధతిలో, హెచ్ నొక్కుకుంటూ పల్లవులను దాటి నేరుగా విజయనగరానికి వెళ్లిపోతాడు. లేదంటే మొదటి నుంచీ వినుకుంటూ రావాల్సిందే. రేపు పరీక్ష పెట్టుకుని అలా వినడం ఎంత నరకమో నన్నడగండి!

కొత్త పేజీ కోసం ఎంటర్ మీద ఎంటర్ కొట్టకండి, ప్రతి ఖాళీ లైనుకూ ‘బ్లాంక్, బ్లాంక్’ అని చెవిలో పోరు. కంట్రోల్, ఎంటర్ చాలు.

బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్‌లో, అంటే బొమ్మ బదులు చదివి వినిపించే వర్ణనలో, ఉత్త ‘ఫోటో’ అని కాకుండా, ‘చంద్రగిరి రాజమహల్, మూడంతస్తుల భవనం, పైన గోపురాల్లాంటి శిఖరాలు’ అని రాయండి. అందానికి పెట్టిన పూలతీగలకు డెకరేటివ్ అని టిక్ పెడితే సరి, వాటి వర్ణన మాకొద్దు.

పీడీఎఫ్ అడిగితే ప్రింట్ తీసి స్కాన్ చేయకండి, అది మళ్లీ బొమ్మే అవుతుంది. వర్డ్‌లోనే సేవ్ యాజ్ పీడీఎఫ్ ఇవ్వండి. వర్డ్ రివ్యూ ట్యాబ్‌లో ఇలాంటి లోపాలు వెతికే చెక్ యాక్సెసిబిలిటీ ఉంది గానీ, అనూ ఫాంట్ సంగతి దానికి పట్టదు. ఎన్‌వీడీఏ ఉచితమే కాబట్టి షాపులో వేసుకుని, ఒక పేజీ విన్నాకే ఫైల్ ఇవ్వండి.