ఆటోమేటిక్ టిప్పర్ గేర్‌బాక్స్‌లో స్టీరింగ్ ఆయిల్ పోయొచ్చా?

మీరు సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ టిప్పర్ కొన్నారు. గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గింది. స్టీరింగ్‌లో పోసే ఎర్ర ఆయిలే ఇందులోనూ పోయొచ్చని మేస్త్రి అంటే ఒక లీటరు పోయించారు, ఇప్పుడు అనుమానం వచ్చి అడుగుతున్నారు. పోయకూడదండీ. పోసింది దించేదాకా బండి లోడుకి పంపకండి. ఇదే మాట నమ్మి మా గేర్‌బాక్స్ ముక్కలు ముక్కలుగా విప్పించుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది విజయవాడ ఆటోనగర్. మా నాన్నగారి రోజుల నుంచి లారీలే మా బతుకు. ఇప్పుడు నాలుగు టిప్పర్లున్నాయి, అందులో ఒకటే ఆటోమేటిక్. దొనబండ క్వారీల నుంచి కంకర తోలుతుంటాం. ఒక వేసవిలో ఆ బండికి ఆయిల్ తగ్గితే తెలిసిన షెడ్డులో రెండున్నర లీటర్లు పోయించాను. డబ్బా స్టీరింగ్ ఆయిల్‌ది. ‘రెండూ ఎరుపే కదా, ఒకటే సరుకు’ అన్నారు. నేనూ సరేనన్నాను.

మర్నాడు సాయంత్రం మా డ్రైవర్ వచ్చి, ‘బాబూ, లోడుతో ఎక్కుతుంటే గేర్ మారేచోట బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. ఒకసారి విప్పి చూపిద్దాం’ అన్నాడు. ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టిన మనిషి. రోడ్డు బాగాలేదులే, ఈ వారం ట్రిప్పులు అయిపోనీ అన్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఫోను. క్వారీ గుంతలోంచి పైకొచ్చే దారిలో బండి ఆగిపోయింది. ఇంజన్ అరుస్తోంది, చక్రం కదలదు. వెనక ఆరు బండ్లు.

ఎండలో పరుగెత్తుకు వెళ్లి ఆయిల్ గేజు పుల్ల లాగాను. ఎర్రగా ఉండాల్సింది టీ డికాషన్‌లా ఉంది. పెనం మీద నూనె మాడిన వాసన. నా తెల్ల రుమాలు మీద ఒక చుక్క పెట్టాను. చుక్క చుట్టూ లేత గోధుమ రంగు వలయం పరుచుకుంది, నడుమ నల్లటి రవ్వలు మిగిలాయి. ఆ రవ్వలు క్లచ్ ప్లేట్ల పైపూత. ఆటోనగర్‌కి లాక్కొచ్చి గేర్‌బాక్స్ కింద ఆయిల్ నిలిచే చాంబర్ విప్పితే అడుగున కాటుకలాంటి బురద. ప్లేటు మీద గోరు పెడితే పూత పొరలు పొరలుగా లేచి వచ్చింది. పక్కనే ఉండే ఉక్కు ప్లేట్లు నీలం తిరిగిపోయాయి. పంతొమ్మిది రోజులు బండి షెడ్డులోనే ఉంది. ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగలేదు. గేర్‌బాక్స్ అప్పటికే పాతది, ఏ ఆయిల్ పోసినా పోయేదే అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ రెండున్నర లీటర్లు పోసేదాకా బండి ఒక్కసారి కూడా వణకలేదు.

మామూలు గేర్‌బాక్స్‌లో ఆయిల్ పని పళ్లు అరగకుండా చూడటం, వేడి లాగడం. ఆటోమేటిక్‌లో అలా కాదు. ఇంజన్ బలం, గేర్‌బాక్స్‌కి ముందుండే టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్ ద్వారానే అవతలికి వెళుతుంది. గేర్ మారాలంటే ఆయిల్ ప్రెషరే క్లచ్ ప్లేట్లను నొక్కాలి. ఆ ప్లేట్లు ఆయిల్‌లో మునిగే పనిచేస్తాయి. ఎంత జారాలి, ఎక్కడ పట్టాలి అన్నది ఆయిల్‌లో కలిపే రసాయనాల మీద ఆధారపడి ఉంటుంది. అది తేడా వస్తే ప్లేట్లు వణుకుతాయి, లేదా జారతాయి. జారితే వేడి, వేడికి ఆయిల్ మాడుతుంది, మాడిన ఆయిల్‌తో ఇంకా జారుతుంది. మన బెజవాడ మే నెల ఎండలో, లోడుతో, ఎత్తు మీద ఇదంతా ఎంత తొందరగా జరుగుతుందో చూడండి. స్టీరింగ్‌లో క్లచ్ ప్లేట్లు ఉండవు, అందుకే దానికి పాత రకం చాలు.

ఎరుపు అంటారా, అది కలిపిన రంగు మాత్రమే. కిందకి కారితే ఇంజన్ ఆయిల్ కాదని తెలియడానికి వేస్తారు. అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల కోసం 1949లో తెచ్చిన ‘టైప్ ఏ’ ఆయిల్ పేరు ఇప్పటికీ మన షాపుల్లో స్టీరింగ్ ఆయిల్ డబ్బాల మీద కనిపిస్తుంది. తర్వాత అదే కంపెనీవి డెక్స్‌రాన్ 2, 3, 6 అనే రకాలు వచ్చాయి. 6 అనేది 3 కంటే పల్చన. అన్నీ ఎరుపే!

మీరు చూడాల్సింది లారీ కంపెనీ పేరు కాదు, గేర్‌బాక్స్ తయారుచేసిన కంపెనీ పేరు. గేర్‌బాక్స్ పక్కన చిన్న ప్లేటు ఉంటుంది, గ్రీజు, మట్టి పట్టి కనపడదు. డీజిల్ గుడ్డతో తుడిచి ఫోటో తీయండి. అలిసన్‌ది అయితే టీఈఎస్ 295, టీఈఎస్ 389, కొత్తగా వచ్చిన టీఈఎస్ 668 లాంటి ఆయిల్ రకం నంబర్లలో మీ మోడల్‌కి ఏది చెప్పారో పుస్తకంలో ఉంటుంది. జెడ్‌ఎఫ్ కంపెనీది అయితే వాళ్ల టీఈ-ఎంఎల్ అనే ఆయిళ్ల జాబితా చూడాలి. డబ్బా మీద ఆ నంబరుకి ‘అప్రూవ్డ్’ అని ఉండాలి. ‘అన్ని బండ్లకూ పనికొస్తుంది’ అని రాసిన డబ్బాని ముట్టుకోకండి.

ఇంకోటి, మీది అసలు ఆటోమేటికేనా? రెండు పెడళ్లు ఉంటే చాలు, మనవాళ్లు ఆటోమేటిక్ అనేస్తారు. మన రోడ్ల మీద తిరిగే చాలా లారీలు ఏఎంటీ. లోపల మామూలు గేర్‌బాక్సే, క్లచ్ నొక్కేది మాత్రం మెషిను. అందులో పోసేది గేర్ ఆయిల్. దాంట్లో ఈ ఎర్ర ఆయిల్ పోస్తే అది వేరే నాశనం.

ఆటోమేటికే అయితే, పోసింది దించడానికి చాంబర్ నట్టు విప్పితే ఆయిల్ మొత్తం రాదు. కన్వర్టర్‌లో, కూలర్‌లో మిగిలిపోతుంది. కాబట్టి మీరు ఒకసారి దించి పోసి, కొంచెం తిప్పి, మళ్లీ దించాలి. ఫిల్టర్ కూడా మార్చండి. మట్టం చూసేటప్పుడు బండి సమంగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆన్‌లో, న్యూట్రల్‌లో, ఆయిల్ వేడెక్కాక చూడాలి. పోసేటప్పుడు గరాటా దగ్గర నిలబడండి. పొద్దున ఇంజన్ ఆయిల్ పోసిన గరాటాతోనే దీన్నీ పోసేస్తుంటే చాలా షెడ్డుల్లో చూశాను, నాకు ఒళ్లు మండుతుంది. ఖాళీ డబ్బాలు కొనుక్కుపోయేవాళ్లు వాటిలో ఏ ఆయిల్ నింపి అమ్ముతున్నారో కూడా మనం ఆలోచించాలి. వాడిన డబ్బాకి నేను చిల్లు పెట్టిగానీ పారేయను.

మీరు రాసినదాంట్లో మీ డ్రైవర్ ఏమన్నాడో ఒక్క మాట కూడా లేదు. మా ఓనర్లందరం చేసే తప్పే ఇది. మేస్త్రిని అడుగుతాం, షాపువాడిని అడుగుతాం, రోజుకి పన్నెండు గంటలు ఆ సీటులో కూర్చునే మనిషిని అడగం. వణుకు ముందు తెలిసేది ఆయన నడుముకి. ఆ రోజు మా డ్రైవర్ మాట విని ఉంటే ఆయిల్ ఖర్చుతో పోయేది, లక్షన్నర దాటింది. ఇప్పుడు ఆయన ‘ఏదో తేడాగా ఉంది బాబూ’ అంటే చాలు, బండి షెడ్డుకి వెళుతుంది.

ఇవాళే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: ఏ గేర్‌లో, ఎంత లోడులో, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఆయన చెప్పింది, ప్లేటు ఫోటో రెండూ ఇక్కడ పెట్టండి. రాత్రి బండ్లు వచ్చాక చూసి చెబుతాను.