బహుమతి కన్నా ముందు ఆసు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను టెక్స్‌టైల్ డిజైన్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా మేనమామ పుట్టపాకలో మగ్గం నేస్తారు. ఇక్కత్ నమూనాలను కంప్యూటర్‌లో గీసే పద్ధతి ఒకటి సొంతంగా తయారుచేసుకున్నాను. సంప్రదాయ చేతిపనికి కొత్త సాంకేతికతను జోడించే యువ డిజైనర్ల పురస్కారాలకు దీన్ని పంపవచ్చా? న్యాయనిర్ణేతలు ప్రధానంగా ఏమి చూస్తారు?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: తప్పకుండా పంపవచ్చు. అయితే మీ లేఖలో ఒక్క సంగతి కనిపించలేదు. ఆ పద్ధతిని మీ మేనమామ వాడి చూశారా? వాడితే ఆయన ఏమన్నారు? పోటీలో మిమ్మల్ని మొదట అడగబోయేది అదే.

ఈ రంగంలో మన దగ్గర ఉన్న గొప్ప ఉదాహరణ చింతకింది మల్లేశం గారిది. ఆసు పోయడం చూడని పాఠకుల కోసం కొంచెం వివరిస్తాను. ఇక్కత్ అంటే పోగులకు ముందే కట్లు కట్టి, రంగులద్ది, ఆ తరువాత నేసే పద్ధతి. అలాంటి చీరకు దారాన్ని రంగుల్లో ముంచే ముందు, ఒక చివర ఉన్న మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా ఉన్న మేకులకు, మళ్లీ వెనక్కి, ఒక్కొక్క పోగుగా చుట్టుకుంటూ పోవాలి. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే అది 18,000 సార్లు. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల మీదే పడేది, వాళ్ల భుజాలు, మోచేతులు దెబ్బతినేవి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో ఆరో తరగతితో చదువు ఆపేసిన మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కుస్తీపట్టి, 1999లో ఆసు యంత్రాన్ని పనిచేయించగలిగారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. యంత్రానికి ఆయన తల్లి పేరే పెట్టారు. 2009లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పురస్కారం, 2017లో పద్మశ్రీ ఆయనను వెతుక్కుంటూ వచ్చాయి.

ఆ యంత్రం దేన్ని ముట్టుకున్నదో, దేన్ని ముట్టుకోలేదో గమనించండి. నమూనా ప్రకారం పోగులను కట్టలు కట్టడం, రంగులద్దడం, కట్లు విప్పి మరో రంగుకు మళ్లీ కట్టడం, పడుగు పేకలను కలిపి నేయడం అన్నీ మనిషి చేతిలోనే ఉండిపోయాయి. నైపుణ్యం జోలికి పోకుండా నొప్పిని మాత్రమే తీసేసిన పని అది. నేను న్యాయనిర్ణేతగా కూర్చున్న ఒకటి రెండు పోటీల్లో ఇందుకు సరిగ్గా తలకిందులుగా జరగడం చూశాను. మగ్గానికి సెన్సర్లు బిగించి, ఫోన్‌లో గ్రాఫులు వచ్చేలా చేసి, చివరకు ఆ గ్రాఫులు ఎవరికి పనికొస్తాయని అడిగితే సమాధానం దొరకని ప్రాజెక్టులే అక్కడ ఎక్కువ.

ఇక మీ పద్ధతి సంగతి. కంప్యూటర్ తెర మీద గీసిన పువ్వు అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. మగ్గం మీద మాత్రం ముందే రంగు పట్టిన పోగు వెంట్రుకవాసి జరిగినా అంచు చెదురుతుంది, మెట్లు మెట్లుగా, కాస్త మసకగా కనిపిస్తుంది. ఆ చెదురే ఇక్కత్‌కు ఆనవాలు. రంగు నూలుకే పట్టి ఉంటుంది కాబట్టి బట్టను తిరగేసినా నమూనా అలాగే ఉంటుంది. అచ్చు వేసిన నకిలీకి వెనకవైపు సాధారణంగా వెలిసినట్టు ఉంటుంది. మీ కంప్యూటర్ అందమైన బొమ్మ గీసి ఊరుకుంటే దాన్ని రేపు ఏ మిల్లువాడైనా ఎత్తుకుపోయి అచ్చు వేసుకోగలడు. అలాకాక, ఈ నమూనాకు ఎన్ని కట్లు పడతాయి, ఒక్కో కట్టలో ఎన్ని పోగులు ఉండాలి, లేత రంగు నుంచి ముదురు రంగుకు ఏ వరుసలో వెళితే తక్కువసార్లు విప్పి కట్టవలసి వస్తుంది అన్నది కూడా అది లెక్కగట్టి ఇస్తే, గ్రాఫు కాగితం ముందు పెన్సిలుతో గంటలు గడిపే మీ మేనమామకు సగం శ్రమ తగ్గుతుంది. దరఖాస్తుకు బలం అక్కడే ఉంది. నేసిన గుడ్డ ముక్క ఒకటి తప్పనిసరిగా జతచేయండి. ఎంత మంచి ప్రింటవుటైనా దాని పక్కన నిలవదు.

ఎక్కడికి పంపాలన్నది కూడా ముఖ్యమే. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ప్రధాన పురస్కారాలు సంస్థల అండ లేకుండా సొంతంగా కనిపెట్టిన గ్రామీణుల కోసం ఉద్దేశించినవి. డిజైన్ కళాశాల విద్యార్థిగా మీరు ఆ కోవలోకి రారు. కేంద్ర జౌళి శాఖ ఇచ్చే జాతీయ చేనేత పురస్కారాల్లో నేతతోపాటు డిజైన్ అభివృద్ధికి కూడా చోటు ఉంది. వాటిని ఆగస్టు 7న, అంటే 1905 స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి జరుపుతున్న జాతీయ చేనేత దినోత్సవం నాడు ప్రదానం చేయడం పరిపాటి. ఒక సమస్యను పరిష్కరించే పరికరంగా మీ పనిని చూపగలిగితే జేమ్స్ డైసన్ అవార్డు ఉంది, అది డిజైన్, ఇంజినీరింగ్ విద్యార్థుల కోసమే. 2016లో మొదలైన లోవే ఫౌండేషన్ క్రాఫ్ట్ ప్రైజ్ విలువ 50,000 యూరోలు. అయితే అక్కడ చేతిలోంచి వచ్చిన పూర్తయిన కళాఖండాన్ని చూస్తారు కాబట్టి మీ సాఫ్ట్‌వేర్‌కు అది సరైన వేదిక కాదు.

ప్రశ్న: ఒక యువ డిజైనర్ నమూనా తెచ్చి మాచేత చీర నేయించుకున్నారు. రెండు చోట్ల ఆ నమూనా కుదరకపోతే నేనే మార్చాను. ఆ చీరకు బహుమతి వచ్చింది, పత్రికలో ఆమె పేరు మాత్రమే పడింది. చట్టప్రకారం నాకు ఏమైనా హక్కు ఉందా?
– ఒక నేత కార్మికుడు, భూదాన్ పోచంపల్లి

జవాబు: మీ బాధ న్యాయమైనదే, చట్టం మాత్రం మీకు అంతగా తోడు రాదు. డిజైన్ల చట్టం, 2000 ప్రకారం తగిన ప్రతిఫలం తీసుకుని మరొకరి కోసం నమూనా తయారుచేస్తే, ఆ నమూనాకు యజమాని ఆ మరొకరే అవుతారు. మీరు చేసిన మార్పులకు విడిగా డబ్బు మాట్లాడుకోకపోయినా, అన్నీ కూలిలోనే కలిసిపోయాయని అవతలివాళ్లు వాదించవచ్చు. అందువల్ల ఇకమీదట పని మొదలుపెట్టకముందే ఒక్క పేజీ కాగితం రాసుకోండి. నమూనా ఎవరిది, మగ్గం మీద చేసిన మార్పులు ఎవరివి, పోటీకి పంపితే ఎవరి పేర్లు ఉండాలి, నగదు వస్తే ఎలా పంచుకోవాలి అన్నవి అందులో ఉంటే చాలు. జరిగిపోయినదాని విషయంలో, మార్పులకు ముందూ తరువాతా గ్రాఫు కాగితాలు మీ దగ్గర ఉంటే వాటితో నిర్వాహకులకు లేఖ రాయండి. పేరు చేర్చడానికి వారు ఒప్పుకునే అవకాశం లేకపోలేదు.

‘పోచంపల్లి ఇక్కత్’ అన్న పేరు సంగతి వేరు. దానికి 2005లోనే భౌగోళిక గుర్తింపు లభించింది కాబట్టి ఆ పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఆ ప్రాంతంలో నేసేవారందరిదీ. ఎంత పెద్ద బహుమతి పొందిన డిజైనరైనా, మరోచోట నేయించిన బట్టకు ఆ పేరు పెట్టి అమ్మడానికి వీల్లేదు.

మొదటి ప్రశ్న అడిగిన విద్యార్థిని కూడా ఇక్కడ ఒక జాగ్రత్త గమనించాలి. పైన చెప్పిన డిజైన్ల చట్టం కింద నమూనాను నమోదు చేయించుకుంటే మొదట 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ దొరుకుతుంది. కానీ దరఖాస్తు తేదీకి ముందే ఆ నమూనా బయటి ప్రపంచానికి తెలిసిపోతే అది కొత్తదిగా చెల్లదు. ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రదర్శనలకు కొంత మినహాయింపు ఉన్నా దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ముందు నమోదుకు దరఖాస్తు పెట్టి, ఆ తరువాతే పోటీకి పంపండి. బహుమతి వార్తతోపాటు ఫొటో అచ్చయ్యాక పరుగెత్తుకొచ్చేవాళ్లు ఏటా కనిపిస్తూనే ఉంటారు.

ప్రశ్న: నమూనా కంప్యూటర్‌లో గీస్తే ఆ చీరను చేనేత అనవచ్చా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: అనవచ్చు. 1985 నాటి చేనేత వస్తువుల రిజర్వేషన్ చట్టం చేమగ్గాన్ని ‘మరమగ్గం కాని మగ్గం’గానే నిర్వచిస్తుంది. నమూనా బొగ్గుతో గీశారా, కంప్యూటర్‌తో గీశారా అన్నది అది అడగదు. మగ్గాన్ని నడిపేది కరెంటా, మనిషి కాళ్లూ చేతులా అన్నదే ప్రశ్న. నేతకు మోటారు తగిలించిన రోజున మీ చీర అవతలి గట్టుకు వెళ్లిపోతుంది.