మఖ వెలుగు చాటున లియో-1

ప్రశ్న: మాస్టారూ, నా దగ్గర 12 అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉంది. 11వ ప్రమాణం (వెలుగు కొలత; అంకె పెరిగేకొద్దీ మసక) చుక్కలు తేలిగ్గానే కనిపిస్తున్నాయి. దాదాపు అదే ప్రమాణం ఉన్న లియో-1 గెలాక్సీ మాత్రం సింహరాశిలోని మఖ నక్షత్రం (రెగ్యులస్) పక్కన ఎంత వెతికినా దొరకడం లేదు. ఎందుకని?
– ఒక పాఠకుడు, మలికిపురం

జవాబు: ఆ 11 అనే అంకెను పక్కన పెట్టండి. చుక్క వెలుగంతా ఒక్క బిందువులో ఉంటుంది. లియో-1 వెలుగేమో చందమామ వెడల్పులో మూడో వంతు మేర పరుచుకుని ఉంటుంది. పాత పుస్తకాలు దీన్ని మరుగుజ్జు దీర్ఘవృత్త గెలాక్సీ అన్నాయి, ఇప్పుడు మరుగుజ్జు గోళాభ గెలాక్సీ అంటున్నారు. దూరం ఎనిమిది లక్షల కాంతి సంవత్సరాల పైమాటే. 1950లో పాలోమర్ ఫొటో ప్లేట్లలో హారింగ్టన్, విల్సన్ పట్టుకునేదాకా దీని సంగతి ఎవరికీ తెలియదు.

అసలు అడ్డం మఖ వెలుగే. ముందు మఖనే చూడండి. చుట్టూ పొగలాంటి వలయం ఉంటే ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మీదో గొట్టంలోని చిన్న అద్దం మీదో మంచు పట్టినట్టే. మన కోనసీమలో కాలవగట్టున, చెరువుగట్టున టెలిస్కోప్ పెడితే గంట తిరక్కుండా చెమ్మ పట్టేస్తుంది. గుడ్డతో తుడవకండి, హెయిర్ డ్రయర్‌తో మెల్లగా ఆరబెట్టండి. ఇంటి డాబా మీద పెట్టుకుంటే ఇంకా నయం. మఖ చుట్టూ ఆకాశం నల్లగా కనిపించేదాకా గెలాక్సీ జోలికి పోవద్దు.

తర్వాత 100 నుంచి 150 రెట్లు పెంచే ఐపీస్ వేసి, మఖ నుంచి నేరుగా ఉత్తరానికి చందమామ వెడల్పులో మూడింట రెండు వంతులు జరగండి. మఖ ఐపీస్‌లో కనిపించే మేర దాటి బయటికి పోవాలి. తలమీద నల్ల తువ్వాలు కప్పుకుని, ఓరచూపుతో చూస్తూ గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టండి. తూర్పు పడమరలుగా కాస్త సాగిన మసక మచ్చ కదిలినట్టు తెలుస్తుంది. అది మఖ ప్రతిబింబం కూడా కావచ్చు. టెలిస్కోప్ కొద్దిగా జరిపినప్పుడు చుట్టూ ఉన్న చుక్కలతో కలిసి కదిలితేనే గెలాక్సీ.

మాఘ పౌర్ణమి నాడు చంద్రుడు మఖ దగ్గరే ఉంటాడు కాబట్టి ఆ వారం వదిలేయండి. నా లెక్కలో మహాశివరాత్రిని మించిన రాత్రి లేదు. తెల్లవారుజాము దాకా చంద్రుడు రాడు, ఎలాగూ జాగారమే! కాకపోతే గుడి దీపాలకీ, రొయ్యల చెరువుల లైట్లకీ దూరంగా ఉండాలి. అర్ధరాత్రికి మఖ నడినెత్తికి వచ్చేస్తుంది, అప్పుడు డాబ్సోనియన్‌ని తిప్పడం కష్టం. పది, పదిన్నరకే మొదలుపెట్టండి. కనిపిస్తే ఏ ఐపీస్‌లో కనిపించిందో తప్పకుండా రాయండి.