పదో గ్రేడ్ పిల్లాడికి డ్రాఫ్ట్ ర్యాంకు ఎందుకు సార్?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మావాడికి 15 ఏళ్లు, పదో గ్రేడ్, బేస్‌బాల్‌లో పిచ్చర్ (బంతి వేసేవాడు). గంటకు 84 మైళ్ల వేగంతో వేస్తున్నాడు. రాడార్ గన్ కొని ప్రతి ఆదివారం పెరట్లో కొలిచి ఎక్సెల్‌లో రాస్తున్నాను. డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్లు ఏటా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి) అయ్యే లక్షణాలు ఉన్నాయని, జనవరిలో షోకేస్‌కు (ఫీజు కట్టి ఆట చూపించుకునే కార్యక్రమం) పంపితే జట్ల తరఫున కుర్రాళ్లను వెతికే స్కౌట్ల కళ్లలో పడతాడని ట్రావెల్ టీమ్ కోచ్ అంటున్నారు. శుక్రవారంలోపు డబ్బు కట్టాలి. ఒక వెబ్‌సైట్‌లో వాడి ర్యాంకు రాష్ట్రంలో మూడు వందల పైచిలుకు. ఇంతవరకు ఒక్క కాలేజీ నుంచీ ఫోన్ రాలేదు. మా ఆవిడేమో ఎస్‌ఏటీ చదివించమంటోంది. హైస్కూల్ నుంచే డ్రాఫ్ట్‌కు వెళ్లడం మేలా, కాలేజీ నుంచి వెళ్లడమా? ఆలస్యం చేశామా?

జవాబు: మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఆఖరి రెండు మాటలే. ఐఐటీ ఫౌండేషన్‌లో ఆరో క్లాసులోనే చేర్పించలేదని కుమిలిపోయే హైదరాబాద్ తండ్రుల దగ్గర ఇదే మాట విన్నాను. ఇప్పుడు బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న తండ్రుల దగ్గర వింటున్నాను. ఆలస్యం కాలేదు సార్. ఫోన్ రాలేదని బెంగ పెట్టుకున్నారు కదా, అసలు రాకూడదు. డివిజన్-1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) బేస్‌బాల్ కోచ్‌లు పదకొండో గ్రేడ్ మొదలయ్యే ముందు ఆగస్టు 1 దాకా పిల్లాడితో నేరుగా మాట్లాడకూడదని నిబంధన ఉంది. ఈ ముక్క మీ కోచ్ చెప్పి ఉండాల్సింది.

ఇక ర్యాంకు. మనకు అంకె కనిపిస్తే చాలు, అది ఎంసెట్ ర్యాంకు లాగే ఉంటుంది. కానీ డ్రాఫ్ట్‌లో కటాఫ్ ఉండదు, కౌన్సెలింగ్ ఉండదు. ముప్పై జట్లు, ఎవరి జాబితా వాళ్లది. ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఏరియా స్కౌట్ తిరుగుతాడు. ఆయన నచ్చిందని రాస్తే పైవాళ్లు వచ్చి మళ్లీ చూస్తారు. ఆయన మార్కులు 20 నుంచి 80 దాకా. 50 అంటే మేజర్ లీగ్ (అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి) సగటు. ప్రతి నైపుణ్యానికీ రెండు అంకెలు వేస్తాడు: ఇవాళ ఎంత, ఎదిగాక ఎంత. ఆ రెండో అంకె పట్టుకోవడానికే ఆయనకు జీతం ఇస్తారు. అందుకే భుజాల వెడల్పు, మణికట్టు చూస్తాడు, తల్లిదండ్రుల ఎత్తు కూడా చూస్తాడు. మీవాడి 84 ఇంకా పెరుగుతున్న ఒంటి మీద అంకె. దాన్ని చూసి సంబరమూ వద్దు, దిగులూ వద్దు.

పోయిన వసంతంలో ఇక్కడే ఒక హైస్కూల్ గేమ్‌కు వెళ్లాను. సీనియర్ కుర్రాడు ఒకడు వేస్తున్నాడు. హోమ్ ప్లేట్ వెనక, వల ఇవతల ఇరవై మంది దాకా స్కౌట్లు మడతకుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వాడు చెయ్యి ఎత్తితే గన్‌లన్నీ ఒక్కసారే లేచేవి. మూడో ఇన్నింగ్స్‌లో షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ చేతిలోంచి తేలికైన బంతి జారిపోయింది. నా పక్కనున్న పెద్దాయన గన్ ఒళ్లో పెట్టుకుని పిచ్చర్ మొహం వైపు చూశాడు. కుర్రాడు విసురుగా నేల తన్నాడు. ఆయన నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నాడు. ఇంతలో వాళ్ల నాన్న కంచె దగ్గరికొచ్చి "మోచెయ్యి పైకెత్తు!" అని అరిచాడు. పెద్దాయన ఇంకో ముక్క రాసుకున్నాడు.

కోపం తెచ్చుకోనంటే ఒక మాట. ఆ ఎక్సెల్ ఆపండి. ఆదివారం పెరట్లో నాన్న గన్ పట్టుకుని నిలబడితే ఏ పిల్లాడైనా ఒళ్లు విరుచుకునే వేస్తాడు. గత వారం కంటే ఒక మైలు తగ్గితే మీ మొహం ఎలా ఉంటుందో మీకు తెలియదు, వాడికి తెలుసు. మీ ఉత్తరంలో వాడి వేగం ఉంది, ర్యాంకు ఉంది. వాడికి ఈ ఆట ఇష్టమో కాదో ఒక్క ముక్క లేదు.

ఈ షోకేస్‌ల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. అన్నీ మోసమని అనను. వేసవిలో జరిగే కొన్ని పెద్ద పోటీలకు స్కౌట్లు నిజంగానే గుంపులుగా వస్తారు. కానీ జనవరిలో, సీజన్‌కు ముందు, పదో గ్రేడ్ పిల్లాడి చేత పది పదిహేను బంతులు ప్రాణం పెట్టి వేయించి అంకె తీయడం వల్ల ఎవరికి లాభం? ఆ అంకె వెబ్‌సైట్ ఎక్కుతుంది, దాన్ని పెంచుకోవడానికి మళ్లీ వచ్చే నెల ఫీజు. పిచ్చర్ల గాయాల మీద మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదికే వేగం వెంట పరుగును, ప్రతి బంతీ పూర్తి బలంతో వేయడాన్ని తప్పుపట్టింది. ఆ జబ్బు పిల్లల ఆటల దాకా పాకిందనీ చెప్పింది. అదే సంస్థ యూఎస్‌ఏ బేస్‌బాల్‌తో కలిసి పెట్టిన 'పిచ్ స్మార్ట్' సూచనల ప్రకారం మీవాడి వయసుకు రోజుకు 95 బంతులు మించకూడదు. ఏడాదిలో నాలుగు నెలలు పోటీ పిచింగ్ మానాలి. అందులో కనీసం రెండు మూడు నెలలు వరసగా బంతి విసరడమే మానేయాలి. మార్చిలో స్కూల్ సీజన్, వేసవిలో ట్రావెల్ టీమ్ అయితే ఆ ఖాళీ చలికాలంలోనే కదా దొరికేది?

అర్జున్ నిమ్మల వార్త మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాక ఇలాంటి ఉత్తరాలు ఎక్కువయ్యాయి. నిజంగా గర్వపడాల్సిన విషయమే. 2023లో ఫ్లోరిడా హైస్కూల్ నుంచి 20వ పిక్‌గా (ఎంపికగా) టొరంటో బ్లూ జేస్ జట్టు తీసుకుంది, అప్పటికి 17 ఏళ్లు. మరుసటి ఏడాది మైనర్ లీగ్‌లలో కింది మెట్టయిన లో-ఏ స్థాయిలో మొదట తడబడి, కింద శిక్షణ శిబిరానికి వెళ్లి మళ్లీ పైకి వచ్చాడు. ఆ ఫార్వర్డ్ మాత్రం ఎవరూ పంపలేదు.

నేను చెప్పే ఉదాహరణ పిచ్చర్ కుమార్ రాకర్. తల్లి వైపు భారతీయ మూలాలు. 2018లో హైస్కూల్ నుంచి 38వ రౌండ్‌లో పేరు పిలిచారు. మన లెక్కలో అది ఎందుకూ కొరగాని ర్యాంకు. నిజానికి వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకే వెళ్తాడని జట్లకు తెలుసు కాబట్టి పిక్ వృథా చేసుకోలేదు. మరుసటి ఏడాదే డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైకౌట్లతో నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని గేమ్) వేశాడు. 2021లో 10వ పిక్‌గా మెట్స్ జట్టు తీసుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. 2022లో మూడో పిక్‌గా మీ పక్కనే ఆర్లింగ్టన్‌లో ఆడే రేంజర్స్ తీసుకుంది. 2023లో మోచేతికి టామీ జాన్ సర్జరీ (లిగమెంట్ మార్చే ఆపరేషన్), 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో తొలి గేమ్. ఇందులో పదో గ్రేడ్ ర్యాంకు ఎక్కడ పనికొచ్చింది?

డ్రాఫ్టా కాలేజీనా అన్నారు కదా. ఇప్పుడు తేల్చాల్సింది కాదు గానీ, లెక్క చెబుతాను. డ్రాఫ్ట్‌లో 20 రౌండ్లు, ఆరు వందల పైచిలుకు పేర్లు, ఎక్కువమంది కాలేజీ వాళ్లే. హైస్కూళ్లలో బేస్‌బాల్ ఆడేవాళ్లు నాలుగున్నర లక్షలకు పైనే. పై రౌండ్లలో బోనస్ లక్షల డాలర్లలో ఉంటుంది. జీతం మాత్రం 2023 ఒప్పందం ప్రకారం ఆ ఏడాది లో-ఏలో 26,200 డాలర్లు, మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కిందుండే ట్రిపుల్-ఏలో 35,800 ఉండేది. బోనస్ చిన్నదైతే ఫ్రిస్కోలో అద్దెకు కూడా తడుముకోవాలి. ఒప్పందంలో తర్వాతి కాలేజీ చదువుకు డబ్బు రాయించుకునే వీలుంది, అది అడగకుండా సంతకం పెట్టకూడదు. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడేళ్లు గడిచేదాకా లేదా 21 నిండేదాకా మళ్లీ డ్రాఫ్ట్ లేదు. జూనియర్ కాలేజీ అయితే ఏటా అవకాశమే, మనవాళ్లు పేరు చిన్నదని అటు చూడరు. కాలేజీ దారిలో చదువూ అక్కరకొస్తుంది. మీ ఆవిడ మాట వినండి.

మీ వీసా సంగతి రాయలేదు. పిల్లాడు హెచ్-4 మీద ఉంటే జీతం తీసుకునే పని చేయకూడదు, 21 నిండితే ఆ హోదా కూడా పోతుంది. మైనర్ లీగ్ ఆటగాళ్లకు పీ-1 అనే క్రీడాకారుల వీసా ఉంది. మీది అదే పరిస్థితి అయితే పిచింగ్ కోచ్ కంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి.

శుక్రవారం డబ్బు కట్టకండి. ఫిబ్రవరి దాకా మీవాడిని బంతి ముట్టుకోనివ్వకండి, బాస్కెట్‌బాల్ ఆడుకోనివ్వండి. సీజన్ మొదలయ్యే ముందు పిల్లల క్రీడా గాయాలు చూసే డాక్టర్‌కి భుజం, మోచెయ్యి ఒకసారి చూపించండి. ఏప్రిల్‌లో గేమ్‌లకు వెళ్లినప్పుడు లెఫ్ట్ ఫీల్డ్ వైపు కుర్చీ వేసుకుని కూర్చోండి. అక్కడి నుంచి గన్ పనిచేయదు.