బస్సులో వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే కడుపులో ఎందుకు తిప్పుతుంది?

ఇంట్లో వీఆర్ (కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని చూసే కృత్రిమ దృశ్యం) చూస్తే ఏమీ కావట్లేదని, కడప నుంచి రాయచోటి పోయే బస్సులో మాత్రం వాంతి వస్తోందని అడిగారు. కారణం చెవి లోపల ఉంది. అక్కడ ద్రవం నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు తల తిరగడాన్ని, వాటి పక్కనే ఉండే ఓటోలిత్‌లు అనే సన్నటి స్ఫటికాలు వేగం పెరగడాన్నీ తగ్గడాన్నీ పసిగడతాయి. గువ్వలచెరువు ఘాట్‌లో బస్సు మలుపు తిరగ్గానే చెవికి అది తెలిసిపోతుంది. కళ్ల ముందున్న దృశ్యంలో మాత్రం ఆ మలుపు ఉండదు. ఈ రెండింటికీ పొంతన కుదరకే వికారం.

చాలామంది గమనించని చిక్కు ఇంకోటుంది. తిరిగింది బస్సా, మీ తలా అన్నది హెడ్‌సెట్ సెన్సార్లకు తేడా తెలియదు. మీరు కదలకుండా కూర్చున్నా మలుపు దగ్గర దృశ్యం పక్కకు జారిపోతుంది. యాపిల్ విజన్ ప్రో, మెటా క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌లలో ప్రయాణంలో వాడుకోవడానికి ట్రావెల్ మోడ్ అనే సెట్టింగ్ ఉంది గానీ, అది ముఖ్యంగా విమానాల కోసం తెచ్చింది. ఘాట్ మలుపులకు దాన్ని నమ్ముకోవద్దు. కారు కదలికకు తగ్గట్టే దృశ్యాన్ని కదిలించే హోలోరైడ్ అనే వీఆర్ వ్యవస్థ 2022లో ఆడి కార్లలోకి వచ్చింది. నా దృష్టిలో సరైన దారి అదే.

మీరైతే ఘాట్ మొదలయ్యేలోపే హెడ్‌సెట్ తీసేయండి. వీలైతే ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు మీద చూపు నిలపండి. వికారం మొదలయ్యాక పంటి బిగువున మాత్రం కొనసాగించొద్దు, దిగాక కూడా చాలాసేపు వదలదు.