ముందు చక్రంలో గరగర

ప్రశ్న: నాది ఐదేళ్ళ నాటి రోడ్డు సైకిలు. వారంలో నాలుగు రోజులు తెల్లవారుజామునే నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు బీచి దాకా వెళ్ళొస్తాను. నెల రోజుల నుంచి ముందు చక్రం గరగరమంటోంది. షాపులో చూపిస్తే హబ్బు (చక్రం నడిమి భాగం) పోయింది, చక్రం మొత్తం మార్చాలన్నారు. నిజంగా మార్చాలా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: విప్పి చూడకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరన్నా. మీరు ఒక సంగతి రాయలేదు. బీచి నుంచి వచ్చాక బైకులు కడిగే చోట ప్రెషర్ పైపు పెట్టించి కడిగిస్తున్నారా? అట్లయితే గరగరకి సగం కారణం అదే. హబ్బు అంచున ఉండే రబ్బరు మూత వాన చినుకుల్ని ఆపుతుంది గానీ ఆ పైపు ధారని ఆపలేదు. నీళ్ళతో పాటు ఇసుక, ఉప్పు లోపలికి పోయి గ్రీజుతో కలిసి, గోళీలని ఆకురాయి పెట్టినట్టు అరగదీస్తాయి.

ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. చక్రం ఊడదీసి, ఇరుసు కొసని రెండు వేళ్ళతో పట్టుకుని నిదానంగా తిప్పండి. చక్రాన్ని గాల్లో గిర్రున తిప్పి చూస్తే ఏమీ తెలియదు, ఆ వేగంలో గరుకు దాక్కుంటుంది. వేళ్ళకి ఇసుక నలిగినట్టు అనిపిస్తే మురికి చేరింది, కడిగితే పోతుంది. తిప్పిన ప్రతిసారీ ఒకే చోట టక్కున పట్టి వదిలితే లోపల గుంట పడింది.

మీ హబ్బులో విడి గోళీలు, కోనులు (ఇరుసు మీద మరతో ఎక్కి గోళీలని నొక్కి పట్టేవి) ఉన్నాయనుకుని రాస్తున్నాను. షిమానో హబ్బులు ఎక్కువగా ఈ రకమే. గోళీలు మూసిన రింగులో ఉండే సీల్డ్ బేరింగ్ అయితే ఇదంతా అక్కర్లేదు, పాతది కొట్టి తీసి అదే నంబరుది కొత్తది దించడమే.

పానాలు మామూలువి పనికిరావు. కోను పట్టుకోవడానికి పలచటి 13 పానా, బయటి నట్టుకి 17 పానా కావాలి. ఒకవైపు నట్టు, కోను మాత్రమే విప్పండి, రెండోవైపు ముట్టుకోవద్దు. దాన్ని కదిలించకపోతే ఇరుసు తిరిగి సరిగ్గా మధ్యకే వస్తుంది. కింద సత్తు పళ్ళెం, దాంట్లో పాత గుడ్డ పరచి అప్పుడు ఇరుసు లాగండి. గుడ్డ ఎందుకంటే, గోళీ పళ్ళెంలో పడితే ఎగిరి మంచం కిందికి పోతుంది. కావలిలో మా నాయన షాపులో నేను నేర్చుకున్న మొదటి పని ఇదే. “లెక్కబెట్టి పెట్టరా అబ్బయ్యా” అని రోజుకి పదిసార్లు అనేవాడు. ముందు హబ్బులో మామూలుగా వైపుకి 10, మొత్తం 20 గోళీలు. సైజు 3/16 అంగుళం.

అన్నీ కిరసనాయిల్లో కడిగి తుడవండి. ఇప్పుడు కోనుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడండి. గోళీలు తిరిగిన దారి సన్నటి మెరిసే గీతలా ఉంటే బంగారం. బాల్‌పెన్ను మొనని ఆ గీత వెంట నడిపించండి, ఎక్కడైనా తట్టుకుంటే గుంట పడినట్టే, కోను మార్చాలి. హబ్బు లోపలి గిన్నెని కూడా ఇట్లాగే చూడండి. షాపు వాళ్ళు చెప్పింది నిజమయ్యేది ఇక్కడే, ఎందుకంటే మామూలు హబ్బుల్లో ఆ గిన్నె విడిగా మారదు. అదృష్టం ఏమిటంటే చాలాసార్లు మొదట కోనే పోతుంది.

గోళీలు మాత్రం బాగున్నా పాతవి పారేసి 20కి 20 కొత్తవి వేయండి. నాలుగు కొత్తవి, మిగతావి పాతవి కలిపితే, అరగని ఆ నాలుగే బరువంతా మోస్తాయి. గ్రీజు గిన్నె నిండా పెట్టి గోళీలు ఒక్కొక్కటే దాంట్లో గుచ్చండి. గ్రీజే వాటిని పట్టుకుంటుంది. పలచటి స్ప్రే కొట్టి సరిపెట్టుకోవద్దు, అది ఉన్న గ్రీజుని కూడా కడిగేస్తుంది.

ఇక బిగింపు. నేను తప్పు చేసింది ఇక్కడే. నా మొదటి రోడ్డు సైకిలుకి, చేతిలో ఇరుసు కొంచెం కూడా ఆడకుండా, వెన్నలా తిరిగేట్టు సెట్ చేసి మురిసిపోయాను. రెండు నెలలకే రెండు కోనులూ గుంటలు పడ్డాయి. మా నాయనకి తెలిసింది నట్లతో బిగించే పాత సైకిళ్ళు, నాది క్విక్ రిలీజ్, అంటే లివరు తిప్పితే చక్రం ఊడే రకం. దాంట్లో ఇరుసు బోలుగా ఉంటుంది. లివరు మూసినప్పుడు ఆ ఇరుసు వెంట్రుకవాసి నలుగుతుంది, కోనులు గోళీల మీదికి ఇంకా జరుగుతాయి. చేతిలో సరిగ్గా ఉన్నది ఫోర్కులోకి ఎక్కాక టైటు. అందుకే చేతిలో ఉన్నప్పుడు కొంచెం ఆట వదలాలి. ఫోర్కులో పెట్టి లివరు మూశాక ఆ ఆట పోవాలి. రిమ్ము పట్టుకుని పక్కలకి ఊపి చూడండి. ఇంకా టకటకమంటే చక్రం తీసి, కోనుని గడియారంలో నిమిషాల ముల్లు ఐదు నిమిషాల్లో జరిగేటంత మాత్రమే బిగించండి. ఈ మర ఒక చుట్టుకి ఒక మిల్లీమీటరు జరుగుతుంది, కాబట్టి ఆ మాత్రం చాలు. కోనుని 13తో కదలకుండా పట్టుకుని నట్టుని 17తో గట్టిగా బిగించడం మరవొద్దు. మూడు నాలుగుసార్లు తీసి పెట్టాల్సి వస్తుంది. నాకు ఇప్పటికీ రెండుసార్లకి తక్కువ కాదు.

చివరికి సైకిలు ముందు భాగాన్ని పైకెత్తి పట్టుకుని, చక్రాన్ని దానంతట అది తిరగనివ్వండి. వాల్వు బరువుకే అది మెల్లగా కిందికి దిగి, ఊయలలా నాలుగుసార్లు ఊగి ఆగితే పని అయినట్టే.

ప్రశ్న: హబ్బు విప్పి కడిగి గ్రీజు పెట్టే ఓవరాయిలింగ్ ఏడాదికి ఎన్నిసార్లు చేయించాలి? ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు తొక్కుతాను.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీదీ సముద్రం దారే కాబట్టి రెండుసార్లు అమ్మా. మనకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అందుకని ఒకటి సంక్రాంతి ముందు పెట్టుకోండి. రెండోది ఎండాకాలం అయ్యాక. మధ్యలో ఎప్పుడైనా చక్రం నీళ్ళలో ఇరుసు దాకా మునిగితే ఆ వారంలోనే విప్పించండి. కోను మార్చాల్సి వస్తే పాత కోను కాగితంలో చుట్టి షాపుకి తీసుకెళ్ళండి. వీధి షాపుల్లో దొరికేవి పాత రకం సైకిళ్ళవి, వాటి ఇరుసు ఇంకా సన్నం. మరలు కలవవు.