డిస్కు ఆడలేదని డాలర్లు తీయకండి

మీ ప్రశ్న చదివాను. బొబ్బిలి నుంచి అమెరికా వచ్చి ఇంకా ఏడాదైనా నిండకముందే, అక్కగారి పెళ్లి డీవీడీలు ల్యాప్‌టాప్‌కు బయట తగిలించిన డ్రైవులో, అంటే డిస్కును తిప్పి చదివే పెట్టెలో, ఆడటం లేదని మరో డ్రైవు, దానికి తోడు డబ్బు కట్టి తీసుకునే సాఫ్ట్‌వేరు, రెండూ ఫలించకపోతే లోపలే డ్రైవున్న పాత ల్యాప్‌టాప్ కొనాలని అనుకుంటున్నట్టు రాశారు. డిస్కుల ‘రీజియన్’ కుదరడం లేదేమోనని మీ స్నేహితుడు అన్నాడనీ రాశారు. ముందుగా ఆ క్రెడిట్ కార్డును పర్సులో పెట్టేయండి బాబూ. శ్రీకాకుళం నుంచి వచ్చి, ఈ దేశంలో ఉద్యోగం నిలబెట్టుకుని, సొంత ఇల్లు కొనుక్కున్న నేను కూడా మీరు చెప్పిన ఖర్చులన్నీ వరుసగా పెట్టినవాడినే. వాటిలో ఏ ఒక్కటీ అవసరం లేదని తెలిసేసరికి డబ్బు చేతులు దాటిపోయింది.

డిస్కు ఆడనప్పుడు అందరూ డ్రైవును అనుమానిస్తారు గానీ, డిస్కును వెనక్కి తిప్పి చూసేవారు తక్కువ. దీపం కింద పట్టి చూడండి. అడుగువైపు తెల్లగా, వెండిలా మెరిస్తే అది ఫ్యాక్టరీలో అచ్చువేసి అమ్మిన డిస్కు. ఊదారంగు ఛాయ కనిపిస్తే స్టూడియోవారు కంప్యూటర్‌లో రైట్ చేసి ఇచ్చినది. ఈ రెండింటికీ వచ్చే జబ్బులు వేరు, మందులు వేరు. మీ పెళ్లి డిస్కులు తప్పకుండా రెండో రకమే అయివుంటాయి కనుక, మీ స్నేహితుడు చెప్పిన ‘రీజియన్’ గొడవ వాటికి వర్తించదు.

అయినా ఆ గొడవ సంగతి మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే నా మొదటి నష్టం అక్కడే జరిగింది. డీవీడీలు తయారుచేసినవారు ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక అంకె ఇచ్చారు: అమెరికా, కెనడాలకు 1, యూరప్, జపాన్, గల్ఫ్ దేశాలకు 2, ఆగ్నేయాసియాకు 3, ఆస్ట్రేలియాకు 4, మన దేశానికి 5, చైనాకు 6. డిస్కు అంకె, డ్రైవులో పెట్టిన అంకె ఒకటైతేనే అది ఆడుతుంది. తెలుగు సినిమాల డిస్కులు చాలావరకు ఎక్కడైనా ఆడేలా వస్తాయి గానీ, మన దగ్గర అమ్మిన ఇంగ్లీషు సినిమాల డిస్కులకు సాధారణంగా 5 ఉంటుంది. ఇక్కడి యాస చెవికి అలవాటు కావాలని విశాఖపట్నంలో అలాంటివి కొన్ని కొని, పచ్చళ్ల సీసాల మధ్య సర్దుకుని తెచ్చుకున్నాను. వచ్చాక చూస్తే, ఊరి గ్రంథాలయంలో డిస్కులు ఉచితంగా అరువిస్తున్నారు. ఉచితమన్నాక నేను వదులుతానా? ఒక సాయంత్రం గ్రంథాలయం డిస్కు, మరో సాయంత్రం నేను తెచ్చుకున్న డిస్కు. మార్చిన ప్రతిసారీ రీజియన్ మార్చమంటారా అని తెరమీద ఒక చిన్న పెట్టె వచ్చేది. ఇంకా ఎన్ని మార్పులు మిగిలాయో అందులోనే స్పష్టంగా రాసి ఉన్నా, నేను చదవకుండా ‘ఓకే’ నొక్కేవాణ్ణి. డ్రైవు అలా 5 సార్లు మాత్రమే మారనిస్తుంది, ఆ తరవాత చివర పెట్టిన అంకె మీదే ఉండిపోతుంది. ఆ లెక్క డ్రైవు లోపలే నమోదై ఉంటుంది కాబట్టి విండోస్‌ను తీసేసి మళ్లీ ఎక్కించినా ప్రయోజనం ఉండదు. నాది 5 మీద ఆగిపోవడంతో ఉచిత డిస్కులన్నీ నాకు దూరమయ్యాయి, వాటికోసం డబ్బు పెట్టి కొత్త డ్రైవు కొన్నాను. డాలరు నలభై అయిదు రూపాయలు ఉన్న రోజుల్లోనే ఆ ధర మా అమ్మగారి నెల కిరాణా ఖర్చుతో సమానంగా తేలింది. ఇప్పుడు డాలరు ఎనభై దాటింది కదా, మీరే గుణించి చూసుకోండి. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో డ్రైవు పేరు మీద రెండుసార్లు నొక్కితే ‘డీవీడీ రీజియన్’ అనే పేజీ కనిపిస్తుంది, మీకు ఎన్ని మార్పులు మిగిలాయో అందులో చూడండి, చూసి ఊరుకోండి.

సాఫ్ట్‌వేరు కొనాలన్న మీ ఆలోచన విషయానికి వస్తే, 2012లో వచ్చిన విండోస్ 8 మొదలు మైక్రోసాఫ్ట్ వారు డీవీడీ సినిమా చూపించే ఏర్పాటును మామూలు విండోస్‌లోంచి తీసేశారు. ఆ వీడియోను విప్పి చూపించే పరిజ్ఞానానికి ప్రతి కంప్యూటరు తరఫునా రుసుము కట్టాల్సి రావడమే దానికి కారణం. విండోస్ 10, 11లలో కూడా ఇదే పరిస్థితి కాబట్టి, డిస్కు పెట్టగానే ఫైళ్లు కనిపించి బొమ్మ రాకపోతే ఏదీ పాడైనట్టు కాదు. వారి స్టోర్‌లో ఇందుకోసం పదిహేను డాలర్లకు ఒక యాప్ అమ్ముతారు, దాని జోలికి పోకండి. వీఎల్‌సీ ప్లేయర్ ఉచితం. దాన్ని తయారుచేసే వీడియోలాన్ వారి సొంత సైటు నుంచే దించుకుని, ‘మీడియా’లో ‘ఓపెన్ డిస్క్’ నొక్కండి. స్టూడియోవారు పూలూ గంటలూ పెట్టి చేసిన మెనూ దగ్గరే ఆగిపోతుంటే ‘నో డిస్క్ మెనూస్’ అన్నదానికి టిక్కు పెట్టండి. రక్షణ ఉన్న అచ్చు డిస్కులను కాపీ చేయడంపై ఇక్కడి చట్టంలో నిబంధనలున్నాయి, అవి మీరే చదువుకోగలరు.

మీ డ్రైవు కొద్దిసేపు గిర్రున తిరిగి, టక్కున ఆగి, మళ్లీ తిరుగుతోందని రాశారు. ఆ టక్కుమనే శబ్దం నాకు బాగా పరిచయం. బయట తగిలించే డ్రైవుకు డిస్కును తిప్పే క్షణంలో చాలా కరెంటు కావాలి, పాత రకం యూఎస్‌బీ రంధ్రం ఇవ్వగలిగింది 500 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. దానికితోడు మీరు మౌసూ, కీబోర్డూ, ఫోనూ తగిలించిన హబ్‌కే దీన్ని కూడా తగిలించి ఉంటారు. నేను సరిగ్గా అలాగే తగిలించి, డ్రైవు చచ్చిపోయిందనుకుని రెండోది తెచ్చుకున్నాను. రెండోదీ టక్కుమంది. మా ఆఫీసులో ఒక పెద్దాయన హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టమని చెప్పిన తరవాత మొదటిదే చక్కగా ఆడింది. అప్పటికి రెండోదాన్ని తిరిగి ఇచ్చే గడువు దాటిపోయింది కాబట్టి అది నేటికీ మా గరాజులో ఉంది. నేరుగా పెట్టినా ఆగిపోతుంటే, రెండు యూఎస్‌బీ మూతులున్న తీగ దొరుకుతుంది, దాన్ని పెట్టి చూడండి, అంతకు మించి ఖర్చు చేయకండి.

బొమ్మ మొదట బాగా వచ్చి, చివరికి వచ్చేసరికి గళ్లు గళ్లుగా విడిపోతే అది వేళ్ల జిడ్డు పని. మా మేనమామ విజయనగరం నుంచి పైడితల్లమ్మ సిరిమానోత్సవం రికార్డు చేయించి పంపిన డిస్కు ఇలాగే ఆడేది: మూడులాంతర్ల దగ్గర జనమంతా స్పష్టంగా కనిపించి, సరిగ్గా సిరిమాను కోట ముందుకు వచ్చేసరికి పూజారిగారి ముఖం ముక్కలైపోయేది. మామూలు 4.7 జీబీ డిస్కును లోపలి వలయం నుంచి బయటి అంచువైపు చదువుతారు, మనమేమో పట్టుకునేది అంచునే. తడిపిన మెత్తని గుడ్డతో నడిమి రంధ్రం నుంచి అంచుకు నిటారుగా తుడవండి, పళ్లెం తుడిచినట్టు గుండ్రంగా తిప్పకండి. పైన అంటించిన కాగితం లేబులు ఒక పక్క లేచివుంటే డిస్కు ఊగి, ల్యాప్‌టాప్‌ల సన్నని డ్రైవులో అసలు కుదురుకోదు. మరొక మాట, చలికాలంలో కారులో వదిలిన డ్రైవునో డిస్కునో ఇంట్లోకి తేగానే పెట్టకండి, కటకం మీద చెమ్మ పట్టి ఏమీ చదవదు, గంటసేపు ఆగండి.

అన్నీ చేసినా ఊదారంగు డిస్కు ఖాళీగా చూపిస్తుంటే, స్టూడియోవారు ఆఖరున చేయవలసిన ‘ఫైనలైజ్’, అంటే రాయడం ముగిసిందని డిస్కును మూసే పని, చేయకుండా ఇచ్చేసి ఉంటారు. అటువంటిది వారి యంత్రంలో ఆడుతుంది, బయట ఆడదు. దానికి మీరు ఇక్కడ డబ్బు పోయనక్కరలేదు, మరమ్మతు బొబ్బిలిలోనే. ఇక ల్యాప్‌టాప్‌లో ఆడి, టీవీకి తగిలించిన ఇక్కడి ప్లేయర్‌లో మాత్రం ఆడకపోతే, మన దగ్గర ‘పాల్’ అనే టీవీ పద్ధతిలో రాయడం, ఇక్కడి ప్లేయర్లు చాలావరకు ఈ దేశపు ‘ఎన్‌టీఎస్‌సీ’ పద్ధతి మాత్రమే చదవడం కారణం. నేను అందుకని రెండు పద్ధతులూ చదివే ఖరీదైన ప్లేయర్ కొన్నాను. మీరు ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి తగిలించండి, ల్యాప్‌టాప్‌కు ఆ తేడా పట్టదు.

ఆడిన డిస్కులను ఆడినంతలోనే, ‘వీడియో టీఎస్’ అనే ఫోల్డరు మొత్తంగా హార్డ్ డిస్కులోకి దించుకోండి, రైట్ చేసిన డిస్కుల్లో రంగు పూత ఎండకూ ఏళ్లకూ వెలిసిపోతుంది. ఆడనివాటి కోసం నాన్నగారిని స్టూడియోకు పంపి, అసలు ఫైళ్లు వారి కంప్యూటర్‌లో ఇంకా ఉన్నాయేమో అడిగించి, పెన్‌డ్రైవులోకి ఎక్కించమనండి. 64 జీబీ పెన్‌డ్రైవులో ఇలాంటి డిస్కులు డజను పడతాయి, ఇక్కడికి వచ్చేవారెవరైనా జేబులో వేసుకుని తెస్తారు. కాపీకి ఎంత తీసుకుంటారో నాన్నగారిని ముందే మాట్లాడుకోమనండి, అబ్బాయి అమెరికాలో ఉన్నాడన్న సంగతి మాత్రం అక్కడ ఎత్తవద్దని చెప్పండి.